టికెట్ లేనిది

పొద్దున్నే స్టవ్ వెలిగించడానికి ముందు ల్యాబమ్మ తొట్టికి నీళ్ళు పోస్తుంది.

హాల్లో ఒక గోడ పొడవునా ఆరడుగుల గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, ఇసుక, రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, వాటి మధ్య పనీపాటా లేనట్టు తిరిగే నాలుగు రంగుల చేపలు. తెల్లారేసరికి నీళ్ళు వేలెడు తగ్గుతాయి. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. అందుకని వడపోసిన మంచినీళ్ళు తగ్గినంతా పోయాలి. అదీ గుమ్మరించినట్టు కాదు, పసిపిల్ల నోట్లో పాలు పట్టినట్టు పోయాలి. తర్వాత ఉప్పెంతుందో చూడాలి, వేడెంతుందో చూడాలి, గాజుకి పట్టిన పాచి గీకాలి. ఇంత సేవా అయ్యాక ఇంట్లో మనుషులకి టీ.

తొట్టి ఆమెది కాదు, మొగుడిది. ఆయన రైళ్ళలో టికెట్లు తనిఖీ చేస్తాడు కాబట్టి వీధివీధంతా టీసీగారంటారు. ఆమె ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది కాబట్టి ల్యాబమ్మ. జ్వరాలొచ్చిన వాళ్ళ రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, లోపల ఎవరెక్కి కూర్చున్నారో చూసి చెప్పడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా చూస్తోంది. చూసేది ఆమె, రిపోర్టు మీద సంతకం పెట్టేది డాక్టరు. ఇంట్లోనూ అదే ఏర్పాటు. నీళ్ళు పోసేది ఆమె, తొట్టి ఆయనది.

తొట్లో వేసే సముద్రపు రాయి ఉత్త రాయి కాదు. చేపల కొట్టాయన తడి కాగితాల్లో చుట్టి ఇచ్చే ఆ రాళ్ళ బొరియల్లో ఏవేవో దాక్కుని వస్తాయి. పురుగులు, పీతలు, నత్తలు, పువ్వుల్లా కనబడి చేపల్ని మింగేవి. మనం కొన్నది ఒక రాయి, ఇంటికొచ్చేది ఒక ఊరు. కొనకుండా వచ్చిన వీటన్నిటికీ టీసీ పెట్టిన పేరు ‘టికెట్ లేనివి’.

“రైల్లోగానీ తొట్లోగానీ నా కన్నుగప్పి ప్రయాణం చేసినవాడు లేడు” అనేవాడాయన. మొహం చూసి చెప్పగలనని గొప్ప. ఒకసారి మరుగుదొడ్లో దాక్కున్న ముసలావిడని తలుపు బాది బయటికి లాగి, వానలో, ప్లాట్‌ఫాం కూడా లేని స్టేషన్లో దింపేశాడు. ఆ కథ భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. “ఆసుపత్రికి బాబూ అంటుంది! ఆసుపత్రికైతే టికెట్ అక్కర్లేదా?” అని పొలమారేదాకా నవ్వేవాడు. వాళ్ళమ్మ నీళ్ళ గ్లాసు ముందుకి తోసేది.

తొట్లో కొత్తది ఏది కనబడినా ఫోటో తీసి, తొట్లవాళ్ళ గ్రూపులో పెట్టేవాడు. కింద ఎప్పుడూ ఒకే ప్రశ్న. “ఇదేమిటి? ఉంచాలా, తియ్యాలా?” నలుగురూ నాలుగు చెప్పేవాళ్ళు. ఆయన మాత్రం తీసేవాడే. సూదితో నిమ్మరసం ఎక్కించేవాడు. ఎండలో పెట్టేవాడు. మంచినీళ్ళ గ్లాసులో వేసి, ఎంతసేపు కొట్టుకుంటుందో గడియారం పెట్టుకుని చూసేవాడు.

ఆమెకి ఇవేవీ కొత్త కాదు. కాళ్ళెన్ని, మీసాలెన్ని, ఒంటి మీద మడతలెన్ని అని చూసి పేరు చెప్పడం ఆమెకి అన్నం పెట్టే విద్య. కిందటేడు ఆ విద్యే ఆమె కొంప ముంచింది.

ఆ రోజు పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయనకీ ఇంట్లో తొట్టి ఉంది, ఇంతకంటే పెద్దది. అదే టీసీకి కంట్లో నలుసు. రాయి సందులోంచి తల బయటపెట్టిన పురుగుని చూపించి, “ఇది మంచి పురుగు, చెత్త తిని బతుకుతుంది” అంటున్నాడు టీసీ. టీ కప్పులు పట్టుకొచ్చిన ల్యాబమ్మ, కప్పులు కింద పెట్టకుండానే, “అది నిప్పుపురుగండీ. ముళ్ళు దిగితే వాతపెట్టినట్టుంటుంది” అనేసింది. డాక్టరు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. “చెల్లెమ్మ చెప్పిందే కరెక్టు టీసీగారూ. మీరు ఈవిణ్ణి ఇంట్లో పెట్టుకుని మమ్మల్ని అడుగుతారేంటండీ?” అని నవ్వాడు.

టీసీ కూడా నవ్వాడు. డాక్టర్ని గేటుదాకా సాగనంపి వచ్చి, పట్టకారుతో పురుగుని బయటికి తీసి, స్టీలు పళ్ళెంలో వేశాడు.

“నీకు బాగా తెలుసుగా. పట్టుకో.”

“ఏమండీ...”

“గట్టిగా పట్టుకో. నిప్పుపురుగో కాదో తేలుద్దాం.”

ఆమె మణికట్టు ఆయన చేతిలో ఉంది కాబట్టి పట్టుకోక తప్పలేదు. మూడు వేళ్ళలోకి తెల్లటి నూగులాంటి ముళ్ళు దిగాయి. అత్తగారు అంటుకునే టేపు ముక్కలు కత్తిరించి, వేళ్ళకి అతికించి పీకుతూ, “వాడు ఏదంటే అదే అది. నీకెందుకు మధ్యలో?” అంటూనే ఉంది. వారం రోజులు ల్యాబమ్మ గాజుపలక పట్టుకోలేకపోయింది. ల్యాబ్‌లో నూనె పడిందని చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర టీసీ తీర్పు చెప్పాడు. “ఈ ఇంట్లో టికెట్ ఉన్నది నాకొక్కడికే. మీరిద్దరూ నా పాస్ మీద బతుకుతున్నారు. ఇకమీదట తొట్లో ఏది ఏమిటో నేను చెప్తాను. నేనడిగితే తప్ప నువ్వు నోరు విప్పకు.”

ఆమె విప్పలేదు. ఆయన అడగలేదు. అలా ఏడాది గడిచింది.

తొట్లోకి ఇంకో కొత్త రాయి వచ్చిన మూడో రోజు పొద్దున నీళ్ళు పోస్తుంటే, రాయి మధ్య బొరియ ముందు బొటనవేలంత మనిషి ఇసుక ఊడుస్తూ కనబడింది. ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. జుట్టు ముడేసుకుంది. నాచు చుట్టుకుంది. విరిగిన పగడపు కొమ్మని చీపురులా పట్టుకుని, గుమ్మం ముందున్న చేపల చెత్తంతా ఓ పక్కకి నెడుతోంది. ల్యాబమ్మ పోస్తున్న నీటిధార తగిలి జుట్టు చెదిరితే తలెత్తి, కాస్త చూసి పొయ్యి అన్నట్టు చిరాగ్గా చూసింది.

‘ఇదొకటి వచ్చిందా’ అనుకుని ల్యాబమ్మ ధార పక్కకి తిప్పింది.

మనసులో ఆమెకి ‘చిన్నావిడ’ అని పేరు పెట్టుకుంది. ఒకరోజు పొరపాటున ఆ మాట ఎదురింటావిడ చెవిన పడింది. “మా చిన్నావిడ మహా శుభ్రమండీ” అని. సాయంత్రానికల్లా టీసీ రెండో సంసారం పెట్టాడని వీధంతా ముక్కున వేలేసుకుంది. సంగతి తెలిశాక, “ఓస్, తొట్లోదా!” అని అందరికీ చప్పబడిపోయింది.

టీసీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఇదేమిటి? ఉంచాలా, తియ్యాలా?

జవాబులు టపటపా రాలాయి.

“ఆడదే. ఒంటరిగా ఉన్నంతకాలం ఫరవాలేదు.”

“ఇంకోటి కనబడితే మాత్రం వెంటనే తీసెయ్యండి సార్. రెండు కలిస్తే మాట్లాడుకుంటాయి.”

“నా దగ్గరా ఉండేది. చిన్నప్పుడు ముద్దుగా ఉంటాయి. పెరిగాక చోటు కావాలంటాయి.”

“పని బాగా చేస్తుంది. మేత పెట్టక్కర్లేదు, మిగిలింది తింటుంది.”

చివరి జవాబు టీసీకి నచ్చింది. “సరే, ఉండనీ” అన్నాడు. ఆయన టికెట్ లేనిదాన్ని ఉండనిచ్చింది అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి తొట్టి కళ మారిపోయింది. గాజు మీద పాచి లేదు. పగడాలు రెక్కలు విప్పుకున్నాయి. ఇసుక పంచదారలా మెరుస్తోంది. పళ్ళ డాక్టరు వచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“ఏం వాడుతున్నారు టీసీగారూ?”

“ఏం లేదండీ. నా చెయ్యి పడితే అంతే.”

తొట్లో చిన్నావిడ చీపురు ఆపి ఆ మాట విన్నట్టే నిలబడింది. గాజుకి ఇవతల ల్యాబమ్మ ట్రే పట్టుకుని నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ రాయి వెనకవైపు ఇంకో రకం టికెట్ లేనివి కూడా వచ్చాయి. గోధుమరంగు గుండీల్లాంటివి, ఒకదాన్నొకటి ఒరుసుకుని గుత్తిగా. చూడటానికి చొక్కా గుండీలు ఊడిపడ్డట్టే ఉంటాయి. టీసీ వాటి వంక ఒకసారి చూసి, “నాచు” అనేశాడు. చిన్నావిడ మాత్రం వాటి చుట్టూ గులకరాళ్ళతో దడి కట్టింది. ఊడుస్తూ ఊడుస్తూ అక్కడికి రాగానే చీపురు ఎత్తేసి పక్కనుంచి పోయేది.

ఒకరోజు ల్యాబమ్మ వేలికి గాజుపలక గీసుకుంది. ఆ వేలితోనే రాయి వెనక పాచి గీకబోయింది. చిన్నావిడ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చి, రెండు చేతులతో ఆ వేలిని వాటేసుకుని వెనక్కి నెట్టింది. నెట్టి ఊరుకోలేదు. అటుగా పోతున్న చిన్న రొయ్యని మీసం పట్టి ఈడ్చుకొచ్చి దడి పక్కన నిలబెట్టింది. గులకరాయి ఒకటి ఎత్తి ఒక గుండీని చితక్కొట్టింది. అందులోంచి తెల్లటి జిగురు పొగలా లేచింది. రొయ్య రెండుసార్లు వణికి వెల్లకిలా పడింది. చిన్నావిడ చేతులు దులుపుకుని, అర్థమైందా అన్నట్టు చూసింది. రొయ్య చచ్చిందని ఆవిడకి ఏ బాధా ఉన్నట్టు లేదు.

మర్నాడు ల్యాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు ల్యాబమ్మ ఆ గుండీల సంగతంతా వెతికి చదివింది. నీళ్ళలో వాటి మానాన వాటిని వదిలేస్తే ఏమీ చెయ్యవు. చితికితే వచ్చే విషం చేతి గాయంలో పడితే ప్రమాదం. అన్నిటికంటే ప్రమాదం, అవి ఉన్న రాయిని మరిగించడం. విషం ఆవిరితో కలిసి లేస్తుంది. ఆ ఆవిరి పీల్చిన మనిషి ఊపిరితిత్తులు మళ్ళీ మామూలు కావు. రాళ్ళలోని టికెట్ లేనివాటిని చంపుదామని మరిగించి ఆసుపత్రి పాలైన తొట్లవాళ్ళు ఉన్నారట.

ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే చెప్పబోయింది.

“ఏమండీ, ఆ కొత్త రాయి వెనకాల ఉన్నవి...”

టీసీ ఫోన్లోంచి తలెత్తలేదు. “నేనడిగానా?”

“లేదు.”

“మరి?”

ఆమె చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

గొడవ ఊదారంగు పగడంతో మొదలైంది. పళ్ళ డాక్టరు దగ్గర కూడా లేని రకమని టీసీ దాన్ని తెచ్చి, రాయి మధ్యలో, సరిగ్గా చిన్నావిడ గుమ్మానికి అడ్డంగా అతికించాడు. పొద్దున్నకి అది ఇసుకలో బోర్లాపడి ఉంది. మళ్ళీ అతికించాడు. మళ్ళీ పడింది. మూడోసారి పగడం పడటమే కాదు, దాని కొమ్మ ఒకటి చిన్నావిడ గుమ్మానికి కొత్త గడపలా అమిరింది.

టీసీ మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆవిణ్ణి పట్టుకోబోయాడు. చిన్నావిడ ఒక ముల్లు తీసుకుని ఆయన గోటి కింద కసుక్కున దించింది.

ఆయన అరిచిన అరుపుకి ఎదురింటావిడ బయటికొచ్చింది.

“నా నీళ్ళలో ఉంటూ! నా తిండి తింటూ! నాకే ఎదురు తిరుగుతుందా?” వేలు నోట్లో పెట్టుకుని హాలంతా తిరిగాడు. “టికెట్ లేకుండా ఎక్కిందే కాక బెర్తు కూడా కావాలా దీనికి?”

“పోనీలెండి, పగడాన్ని కాస్త పక్కకి జరిపితే...” అంది ల్యాబమ్మ.

“నేనడిగానా?”

ఆ సాయంత్రం సిరంజిలో మరిగే నీళ్ళు తీసుకుని బొరియలోకి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడోదానికి చిన్నావిడ బయటికొచ్చి, రాయి అంచున కాసేపు కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్ళింది. టీసీ నవ్వాడు. “మరుగుదొడ్డి ముసలిదానిలాగే. తలుపు బాదితే ఎందుకు రాదు?”

మర్నాడు పొద్దున నీళ్ళు పోసే వేళకి చిన్నావిడ ఇసుక ఊడుస్తూనే ఉంది. ఒంటిచేత్తో. రెండో చెయ్యి భుజం దగ్గర్నుంచి తెల్లగా ఉడికి, తాడులా వేలాడుతోంది.

అత్తగారు కూరగాయలు తరుగుతూ అక్కడే కూర్చుని ఉంది. ఆవిడ ఎప్పుడూ తొట్టి వంక చూడదు. ఆ రోజు చూసింది.

“నాకూ ఒకటొచ్చింది” అంది. “పెళ్ళైన కొత్తలో. ఉప్పు బస్తాలో వచ్చింది. మీ మామగారికి చెప్పకుండా జాడీలో పెట్టుకున్నాను. ఆరు నెలలు. పగలంతా నేనొక్కదాన్నే కదా. ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.”

“తర్వాత?”

“ఒకరోజు ఆయన జాడీ మూత తీశారు.”

“ఏం చేశారత్తయ్యా?”

“ఏం చేస్తారు? పొయ్యి మీద ఎసరు కాగుతోంది.” అత్తగారు ఇంకో వంకాయ తీసుకుంది. “అది అరవలేదు. నేనే అరిచాను. దానికి నాకూ నాలుగు తగిలాయి.” తరిగిన ముక్కలు నీళ్ళలో వేసి, ఎప్పటి గొంతుతోనే అంది. “చూస్తూ నిలబడతావేంటి? డ్యూటీకి టైమవలేదూ?”

టీసీ గ్రూపులో మళ్ళీ అడిగాడు. ఈసారి ఉంచాలా తియ్యాలా అని కాదు, ఎలా తియ్యాలని. ఎవరో ఒకాయన రాశాడు. “రాయి బయటికి తీసి పెద్ద గిన్నెలో మరిగించండి. లోపలున్నదంతా ఖతం. మేం ఎప్పుడూ అలాగే చేస్తాం.” కింద ఇంకెవరో, “ముందు రాయి మీద ఏమున్నాయో చూసుకోండి సార్, జాగ్రత్త” అని రాశారు. అలా రాసింది ఒక ఆడమనిషని పేరు చూసి టీసీ నవ్వుకుని, ఫోన్ పక్కన పడేశాడు.

ఆదివారం ఆయనకి డ్యూటీ లేదు. ఆ రోజే అనుకున్నాడు.

శనివారం ల్యాబమ్మ అత్తగారికి కళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించింది. ఎప్పట్నుంచో మసక మసక అంటోంది ఆవిడ. కళ్ళ డాక్టరు ఆదివారం పొద్దుటిపూట చూస్తాడు. అంతే. ఇందులో వింతేముంది?

ఆదివారం పొద్దున ఎప్పట్లాగే తొట్టికి నీళ్ళు పోసింది. ఉప్పు చూసింది. వేడి చూసింది. పాచి గీకేటప్పుడు ల్యాబ్ నుంచి తెచ్చిన శాంపిల్ సీసా ఒకటి మూత తీసి, నీళ్ళలో ముంచి, రాయి పక్కన ఇసుకలో పడుకోబెట్టింది. చిన్నావిడ గుమ్మంలో నిలబడి సీసాని చూసింది. ల్యాబమ్మని చూసింది. లోపలికి వెళ్ళి, తన చీపురు తెచ్చుకుని, ఒంటిచేత్తో దాన్ని ముందుకి తోసుకుంటూ సీసాలో దూరింది. సామాను సర్దుకుని ఇల్లు ఖాళీ చేసినట్టే వచ్చింది. ల్యాబమ్మ మూత బిగించి సీసాని చేతిసంచిలో వేసుకుంది.

టీసీ చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చాడు. రాయి ఎత్తి, ఇంట్లోకెల్లా పెద్ద గిన్నెలో పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి స్టవ్ మీదకి ఎక్కించాడు.

“బొరియలోనే దాక్కుంది. చప్పుడే లేదు చూడు” అన్నాడు. మొహంలో పండగ. “కిటికీలు మూసెయ్. కిందటిసారి రాళ్ళు ఎండబెడితే కంపని ఎదురింటాళ్ళు ఒంటికాలి మీద లేచారు.”

ఆమె వంటింటి కిటికీ మూసింది. హాలు కిటికీలు మూసింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఆమెకి ఆ ఇంట్లో నేర్పిన మొదటి విద్య.

“మూత పెట్టమంటారా?”

“వద్దు. మూత పెడితే ఎలా కనబడుతుంది? అది బయటికెలా వస్తుందో చూడాలి నేను.” కుర్చీ ఒకటి స్టవ్ దగ్గరికి లాక్కున్నాడు.

అత్తగారు వాకిట్లో చెప్పులు తొడుక్కుని, “కోడలా, వస్తున్నావా?” అని పిలిచింది. ల్యాబమ్మ గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పుడు టీసీ అడిగాడు. ఏడాది తర్వాత, మొదటిసారి. గిన్నెలోకి వంగి, వెనక్కి తిరక్కుండానే.

“ఇదిగో, ఈ రాయి మీద ఇంకేమైనా ఉందా చూసుకోవాల్సింది? ఈ గోధుమరంగువి ఏంటివి?”

ఆమె ఆగింది. సంచిలో సీసా చల్లగా నడుముకి తగులుతోంది. మూడు వేళ్ళ కొసల్లో ముళ్ళు దిగిన చోట ఇప్పటికీ స్పర్శ ఉండదు. గాజుపలక పట్టుకున్నప్పుడల్లా అక్కడ ఏమీ లేనట్టుంటుంది. నీళ్ళు ఇంకా మరగలేదు. గిన్నె అడుగునుంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి, అంతే. ఒక్క మాట చాలు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె రోజూ చెప్పే మాటే, ఇది ఫలానా అని.

“మీకు తెలియనిదేముందండీ” అంది.

“అదీ” అన్నాడు టీసీ, సంతోషంగా.

ఆమె బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

కళ్ళ డాక్టరు గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. అత్తగారు పెద్దవి చదివి, చిన్నవి చూసి, “ఇవి మీరే చదువుకోండి, మీకే జీతమిచ్చేది” అంది. కళ్ళలో చుక్కలు వేసి, అరగంట మూసుకుని కూర్చోమన్నారు. కోడలు పక్కన కూర్చుంది. అత్తగారు కళ్ళు మూసుకునే, “వాడేం చేస్తున్నాడో” అంది ఒకసారి. కోడలు చేతిసంచిని ఒళ్ళోకి తీసుకుంది. ఇంకోసారి అత్తగారు అడగలేదు.

నల్లద్దాలు పెట్టించుకుని మెట్లు దిగుతుండగా ఎదురింటావిడ ఫోన్ చేసింది. టీసీగారు గుమ్మంలో పడిపోయారు, ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడ్డాయి, అంబులెన్సులో వేసి పంపించాం అని ఏడుపుగొంతుతో చెప్పింది. తలుపు తెరిచిన తన మొగుడికి కూడా గొంతు మండుతోందట, ఇంటికి తాళం వేశారట.

తీసుకెళ్ళింది ల్యాబమ్మ పనిచేసే ఆసుపత్రికే. అత్యవసర విభాగం డాక్టరు కుర్రది, ఆమెని ఎరిగినదే. పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఏదో రాయి మరిగించారంటున్నారు. దాని మీద ఏముందో తెలుసా? తెలిస్తే మాకు దారి దొరుకుతుంది. గుర్తు తెచ్చుకోండి.”

ల్యాబమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పడానికి తెరిచిందో ఆమెకే తెలియదు. నిజమే చెప్పేదేమో.

“దానికేం తెలియదమ్మా” అంది అత్తగారు. నల్లద్దాల వెనక కళ్ళు కనబడటం లేదు. “తొట్టి సంగతులన్నీ వాడివే. ఏది ఏమిటో వాడే చెప్పాలి. మా కోడల్ని నోరు విప్పనిచ్చేవాడు కాదు. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి.”

డాక్టరు ‘తెలియదు’ అని రాసుకుని లోపలికి పరుగెత్తింది.

తెరిచిన నోరు ల్యాబమ్మ మూసుకుంది. ఏడాదిగా అలవాటైన పనే.

మూడో రోజు మధ్యాహ్నం తేలింది. ప్రాణానికి భయం లేదు. ఊపిరితిత్తులు మాత్రం పనికిరాకుండా పోయాయి. ఊపిరికి మిషను ఒకటి పక్కనే ఉండాలి ఎప్పటికీ. గొంతు కూడా పోయింది, మాట రావడం కష్టం. లేచి నడవడం అంతకంటే కష్టం. ఇక రైలెక్కేది లేదు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఇల్లు ఇంకా గాలాడాలని ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వలేదు. మూడు రోజులుగా సీసా ల్యాబమ్మ సంచిలోనే ఉంది. పూటపూటకీ ల్యాబ్‌లో ఉప్పు కొలిచి కలిపి నీళ్ళు మారుస్తోంది. ఎదుట అద్దం కిటికీ. అవతల మంచం మీద టీసీ, ముక్కులో గొట్టం, కళ్ళు తెరిచే ఉన్నాయి. వీళ్ళ వంకే చూస్తున్నాడు. నోరు కదుపుతున్నాడు. ఏమీ వినబడటం లేదు. అద్దానికి అవతల అచ్చం తొట్లోవాటిలాగే ఉన్నాడు.

“బతికాడుగా” అంది అత్తగారు.

“బతికారత్తయ్యా.”

“నోట్లో నీళ్ళు పొయ్యాలన్నా మనిషి కావాలట. ఒళ్ళు తుడవాలన్నా, పక్క మార్చాలన్నా. వీడికి యాభై కూడా నిండలేదు. ముప్ఫై ఏళ్ళు చెయ్యాలి నువ్వు.” అద్దాలు తీసి పైట కొంగుతో తుడుచుకుంది. “అదీ ఆలోచించుకునే ఉంటావులే.”

ఆలోచించుకోలేదు. ల్యాబమ్మ రెండు ముగింపులే అనుకుంది. పోతాడు, లేదా ఏమీ కాదు. ఈ మూడోది ఆమె చూడలేదు. పద్దెనిమిదేళ్ళలో ఇంత పెద్దది ఆమె కంట పడకుండా పోవడం ఇదే మొదటిసారి.

అత్తగారు కిటికీలోంచి కొడుకుని చూస్తోంది. కన్నతల్లి చూపే అది, అందులో అనుమానం లేదు. కళ్ళు తడిగానే ఉన్నాయి. చాలాసేపు చూసి అడిగింది.

“ఏం చేస్తావు? ఉంచుతావా, తీసేస్తావా?”

ల్యాబమ్మ కూడా కిటికీలోంచి చూసింది. రోజూ మైక్రోస్కోపులోకి చూసినట్టే, తొందర లేకుండా, మొహం, చేతులు, కదిలే పెదాలు అన్నీ చూసింది.

“ఉంచుదాం అత్తయ్యా” అంది. “ఇప్పుడిక హాని చేసేది కాదు. తొట్టిని చూసుకున్నట్టే చూసుకుంటాను. పొద్దున్నే నీళ్ళు పోస్తాను. వేడి చూస్తాను. గీకాల్సింది గీకుతాను. ఆయన అడిగితే తప్ప నోరు విప్పను.”

అద్దం అవతల టీసీ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

అత్తగారు తలాడించి, నల్లద్దాలు మళ్ళీ పెట్టుకుంది. కాసేపటికి మోచేత్తో కోడలి సంచిని మెల్లగా పొడిచింది.

“ఆ సీసా మూత కాస్త వదులు చెయ్యి. దానికి ఊపిరాడొద్దూ?”